టిప్పు ఇవ్వాలా వద్దా, నువ్వే చెప్పు అక్కా!

సర్వర్‌కి టిప్పు ఇవ్వడం దండగ అని పోయిన నెల ఒక పాఠకుడు నాలుగు లైన్లు రాస్తే సరదాగా వేశాం, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. తిట్టినవాళ్ళు ఉన్నారు, నిజమే చెప్పాడన్నవాళ్ళూ ఉన్నారు, ఒక సర్వర్ కూడా రాశాడు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశా, జుట్టు రాలడం గురించి అడిగినవాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండమ్మా.

ప్రశ్న: అక్కా, మేం ఆదివారం ఆదివారం బయట తింటం. నేను, మా ఆయన, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. బిల్లు రెండు వేలయితే మా ఆయన ఫోన్‌ల లెక్క చేసి మరీ రెండొందలు ఫోల్డర్‌ల పెడతడు. అత్తమ్మేమో "ఓనరు జీతం ఇస్తలేడా, మనం జీఎస్టీ కడ్తలేమా, మళ్ల ఇదేంది" అని అక్కడే అంటది, గట్టిగ, ఆ పిల్లగాడు వింటుండంగనే. నాకు తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వదు. ఇద్దర్ల ఎవరు కరెక్టు?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: చెల్లీ, అత్తమ్మ మాటల్లో ఒకటి కరెక్టు, ఒకటి కాదు. జీతం ఇవ్వాల్సింది ఓనరే, అందులో రెండో మాట లేదు. హోటల్ పనివాళ్ళకి కనీస వేతనం ఎంతో ప్రభుత్వం చెప్తుంది, టిప్పులు వస్తున్నాయి కదా అని ఓనరు అందులో కోత పెట్టడానికి మన దగ్గర చట్టంలో దారి లేదు. కానీ జీఎస్టీ కట్టాం కదా అంటే మాత్రం కుదరదు, మామూలు రెస్టారెంట్లో వేసే ఆ 5 శాతంలో సగం కేంద్రానికి సగం రాష్ట్రానికి పోతుంది, మీకు నీళ్ళు పోసిన పిల్లాడికి అందులో పైసా రాదు.

ఓనరు ఇస్తున్నాడు కాబట్టి మనం ఇవ్వక్కర్లేదా అంటే, అవును, ఇవ్వక్కర్లేదు. అది బాకీ కాదు, ఇవ్వకుండా లేచి వచ్చేస్తే అడ్డుపడేవాళ్ళు ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. నేనైతే ఇస్తా. ఎందుకో తెలియాలంటే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఏదైనా బిర్యానీ హోటల్లో కూర్చుని మీ టేబుల్ వదిలేసి ఆ సర్వర్‌నే ఒక పది నిమిషాలు చూడండి. అయిదారు టేబుళ్ళు ఒక్కడి మీదే ఉంటాయి, ఒకరు ఉల్లిగడ్డ నిమ్మకాయ ఇంకో ప్లేట్ అంటారు, ఒకరు సాలన్ అయిపోయింది అంటారు, ఒకళ్ళకి లెగ్ పీస్ రాలేదని కోపం, ఒక పెద్దాయనకి ఏసీ కింద చలి అని సీటు మార్చాలి, చిన్నపిల్లకి కారం లేకుండా పెరుగన్నం కావాలి, అది మెనూలోనే ఉండదు, అయినా లోపలికి వెళ్ళి మాస్టర్‌ని బతిమాలి తెస్తాడు. వీటిలో ఒక్కదానికీ బిల్లులో లైను ఉండదు. సోమవారం ఖాళీగా ఉన్నా ఆదివారం కాళ్ళు పీకినా జీతం అదే, మనందరం తిని లేచాక ఏ నాలుగింటికో ఆయన తింటాడు. నేను ఇచ్చేది ఆ లైను లేని పనికి.

ఇక మీ ఆయన పది శాతం లెక్క నాకు నచ్చలేదు, ఎక్కువ ఇస్తున్నాడని కాదు, లెక్కే తప్పు. బిల్లు పెరిగితే పని పెరగదు కదా. నారాయణగూడలోనో చిక్కడపల్లిలోనో ఒక టిఫిన్ హోటల్లో ఎనభై రూపాయల పెసరట్టు తింటే, సర్వర్ రెండుసార్లు చట్నీ వేస్తాడు, సాంబార్ తెస్తాడు, మళ్ళీ కాఫీకి వెళ్ళొస్తాడు. పది శాతం అంటే ఎనిమిది రూపాయలు. అదే బంజారాహిల్స్‌లో ఒకాయన ఖరీదైన ప్లేట్ ఒక్కటి తెచ్చి పెట్టి నవ్వి వెళ్ళిపోతే మూడొందలు. ఎవరు ఎక్కువ తిరిగారు? అందుకే నేను బిల్లు చూడను, ఎంతమందిమి వెళ్ళాం, ఎంతసేపు కూర్చున్నాం, ఎన్నిసార్లు పిలిచాం అనేదే చూస్తా. ఒక్కదాన్నే టిఫిన్‌కి వెళ్తే పదో ఇరవయ్యో, ఇంటిల్లిపాదీ వెళ్తే బిల్లు ఎంతయినా యాభై నుంచి వంద, పిల్లలు కింద మెతుకులన్నీ చల్లితే ఊడ్చే పిల్లాడికి విడిగా ఇంకో ఇరవై (ఇది చాలామంది మర్చిపోతారు, టిప్పు అంతా తెచ్చి పెట్టేవాడికే, ఎంగిలి ఎత్తేవాడిని ఎవరూ చూడరు). ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్‌కి మిగిలిన చిల్లర సాసర్ పక్కన వదిలేస్తే చాలు. టోకెన్ తీసుకుని మనమే లైన్లో నిలబడి మనమే ప్లేట్ మోసుకొచ్చి నిలబడి తినే చోట టిప్పు ప్రశ్నే రాదు, అక్కడ మనమే సర్వర్లం.

ఇంకో సంగతి గమనించారా, నాలుగొందల యాభై బిల్లుకి అయిదొందల నోటు పెడితే సోంపు గిన్నెతో పాటు వచ్చే చిల్లరలో యాభై నోటు ఉండదు, అయిదు పదులు ఉంటాయి. యాభై అయితే జేబులో పెట్టేసుకుంటాం, పదులైతే ఒకటో రెండో వదులుతాం అని వాళ్ళకి తెలుసు. నాకైతే ఆ తెలివి ముచ్చటేస్తుంది, నోరు తెరిచి అడగకుండా అడగడం అంటే అదే.

అత్తమ్మతో మాత్రం ఒకటి చెప్పండి, ఇవ్వకపోతే మానేద్దాం కానీ ఆ పిల్లాడి ముందు లెక్కలు వద్దు అని. చెప్తే కోపం వస్తుందనుకుంటే ఈసారి ఆ నోటు మీ ఆయన ఫోల్డర్‌లో పెట్టకుండా అత్తమ్మ చేతికి ఇచ్చి ఆమెనే ఇవ్వమనండి. పెద్దావిడ చేత్తో ఇస్తే ఆ పిల్లాడు దండం పెట్టి తీసుకుంటాడు, ఆ తర్వాత ఆదివారం ఆమే అడుగుతుంది చూడండి, ఆ పిల్లగానికి ఇచ్చినవా లేదా అని.

ప్రశ్న: అక్కా, మా పాప పుట్టినరోజుకి ఒక పెద్ద రెస్టారెంట్‌కి వెళ్ళాం. తిన్నది ఆరు వేలకి, బిల్లు 6,930 వచ్చింది. సర్వీస్ చార్జ్ 10 శాతం అని 600 వేశారు. ఇదేంటి అంటే మేనేజర్ "గవర్నమెంట్ రూల్ సార్, స్టాఫ్‌కే వెళ్తుంది" అన్నాడు. చుట్టాలందరూ ఉన్నారు, పరువు తక్కువని కట్టేశా, మళ్ళీ సర్వర్‌కి రెండొందలు కూడా ఇచ్చా. నేను మోసపోయానా?
- ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: గవర్నమెంట్ రూల్ ఉంది తమ్ముడూ, కానీ అది వసూలు చెయ్యమని కాదు, చెయ్యొద్దని. 2017 ఏప్రిల్‌లోనే కేంద్ర వినియోగదారుల శాఖ సర్వీస్ చార్జ్ కస్టమర్ ఇష్టం అని చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది: బిల్లులో దానంతట అది పడేలా వెయ్యకూడదు, పేరు మార్చి వేరే పేరుతో వసూలు చెయ్యకూడదు, కట్టకపోతే లోపలికి రానివ్వం అనకూడదు, దాన్ని కలిపి మొత్తం మీద జీఎస్టీ వెయ్యకూడదు. హోటళ్ళ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళి అదే నెల స్టే తెచ్చుకున్నాయి, అందుకే మధ్యలో రెండు మూడేళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు వేశారు. 2025 మార్చి 28న కోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవే అని తీర్పు చెప్పి, కేసు వేసిన రెండు సంఘాలకి చెరో లక్ష ఖర్చులు కూడా విధించింది. వాళ్ళు అప్పీలుకి వెళ్ళారు, అది వేరే సంగతి.

మీ బిల్లు చూడండి. ఆరు వేలకి 5 శాతం జీఎస్టీ 300, అంటే 6,300 కట్టాలి. మీకు 600 కలిపి 6,600 మీద 330 వేశారు, అంటే సర్వీస్ చార్జ్ మీద కూడా మీరు ట్యాక్స్ కట్టారు. మొత్తం 630 ఎక్కువ, దాని మీద టిప్పు రెండొందలు. చాలామంది దీన్ని పాతకాలం సర్వీస్ ట్యాక్స్ అనుకుని కట్టేస్తారు, ఆ ట్యాక్స్ 2017 జులైలో జీఎస్టీ వచ్చినరోజే పోయింది.

స్టాఫ్‌కే వెళ్తుంది అన్నాడు చూడండి, వెళ్తుందేమో, వెళ్ళదేమో, అందులో సర్వర్‌కి ఎంత, మేనేజర్‌కి ఎంత, పగిలిన గ్లాసుల ఖాతాకి ఎంత అనేది టేబుల్ దగ్గర కూర్చున్న మనకి తెలిసే దారి లేదు. అందుకే నేనైతే ఆర్డర్ ఇచ్చేముందే మెనూ చివరి పేజీలో అడుగున చిన్న అక్షరాలు చదువుతా, అక్కడ ఉంటుంది సాధారణంగా. ఉంటే అప్పుడే నవ్వుతూ చెప్పేస్తా, "సర్వీస్ చార్జ్ వెయ్యకండి, బాబుకి నేనే ఇస్తా" అని, ఆ బాబుకి వినపడేలా. బిల్లు వచ్చాక గొడవ కంటే ఇది సుఖం, చుట్టాల ముందు పరువు సమస్య కూడా ఉండదు. ఆ ఆరొందల్లో సగం సర్వర్ చేతిలో పెట్టినా ఆయనకీ లాభం, మనకీ లాభం.

వేసేశాక అడిగినా తియ్యనంటే బిల్లు జాగ్రత్తగా పెట్టుకుని 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. ఒకటి మాత్రం, దీని మీద సర్వర్‌తో వాదించకండి. ఆ లైను బిల్లులో పెట్టింది ఆయన కాదు, తీసేసే బటన్ కూడా ఆయన దగ్గర లేదు.

ప్రశ్న: నమస్తే అక్కా. మాది శ్రీకాకుళం వైపు, అమీర్‌పేట దగ్గర ఒక హోటల్లో సర్వర్‌గా చేస్తన్నాను. ఇదివరకు రాత్రికి జేబులో కాస్త చిల్లర ఉండేది, ఇప్పుడు అందరూ కౌంటర్ దగ్గర స్కాన్ చేసి థ్యాంక్స్ బ్రో అనేసి వెళ్ళిపోతన్నారు. నా ఫోన్ స్కానర్ చూపిస్తే ఉద్యోగం ఊడుద్దని మేనేజర్ అన్నారు. కార్డులో కలిపి ఇచ్చిన టిప్పులు నెలాఖరుకి పంచుతామంటారు, ఒక నెల ఇస్తారు ఒక నెల లేదంటారు. అడిగితే తప్పా అక్కా?

జవాబు: తప్పు కాదు తమ్ముడూ. 2016లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక కేసు ఉంది, హోటళ్ళు నడిపే ఐటీసీకీ ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకీ మధ్య. కార్డు మీద వచ్చిన టిప్పుల్ని హోటల్ స్టాఫ్‌కి పంచుతోంది కదా, అది జీతమే, ఇచ్చేముందే ట్యాక్స్ (టీడీఎస్) కొయ్యాలి అని ట్యాక్స్ వాళ్ళ వాదన. కోర్టు కాదంది. అది హోటల్ ఇచ్చే జీతం కాదు, కస్టమర్ పనివాళ్ళ కోసం ఇచ్చిన డబ్బు, హోటల్ దాన్ని వసూలు చేసి వాళ్ళకి చేరవేస్తోంది అంతే అని చెప్పింది. కేసు ట్యాక్స్ గురించి, నిజమే, కానీ నీకు పనికొచ్చే ముక్క అందులోనే ఉంది, ఆ డబ్బు గల్లాలో పడినంత మాత్రాన ఓనరుది అయిపోదు.

అలాగని రేపు పొద్దున్నే వెళ్ళి గల్లా ముందు సుప్రీంకోర్టు అనకు. ఉండే రూమూ తినే తిండీ కూడా ఆయనవే అయినప్పుడు గొడవ పెట్టుకోమని ఈ పేజీలో రాయడం నాకు తేలికే, పడేది నువ్వు. ముందు ఒక పని చెయ్యి, ఆర్డర్ రాసుకునే ప్యాడ్ వెనక పేజీలో తేదీ, బిల్లు నంబరు, కార్డు టిప్పు ఎంత అని రాసుకో. నీతోపాటు ఉన్నవాళ్ళని కూడా రాయమను. నెలాఖరుకి నలుగురూ కలిసి ఆ లెక్క చూపించి అడగండి, ఒక్కడివే వెళ్తే పంపించేయడం సులువు, నలుగురైతే ఆదివారం హోటల్ నడవదు. జీతమే సరిగ్గా ఇవ్వట్లేదంటే అది వేరే, దానికి లేబర్ ఆఫీస్ ఉంది.

స్కానర్ విషయంలో మేనేజర్ మాటలో కొంచెం న్యాయం ఉంది. ఒక్కొక్కడు ఒక్కో ఫోన్ పట్టుకుని టేబుల్ దగ్గర నిలబడితే కస్టమర్‌కి అడుక్కున్నట్టే ఉంటుంది. దానికంటే స్టాఫ్ అందరికీ కలిపి కౌంటర్ పక్కన ఒక టిప్పుల స్కానర్ పెట్టించమని అడగండి, లెక్క మీలో ఒకరు చూసుకునేలా. అందులో దోస మాస్టర్‌కి, గిన్నెలు తోమే ఆమెకి కూడా వాటా వెయ్యండి, మేం రెండోసారి వచ్చేది ఆ మాస్టర్ చెయ్యి చూసే కానీ ఆయన మొహం మాకెప్పుడూ కనపడదు.

ఈ ఉత్తరం చదివిన మిగతా అందరికీ: ఫోన్ కవర్ వెనక మెట్రో కార్డు పక్కన రెండు ఇరవై నోట్లు మడిచి పెట్టుకోండి. స్కాన్ చేసే చేతిలోనే ఉంటాయి, పర్సు మర్చిపోయా అనే మాట రాదు.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ బ్యాచ్ అక్కా మేము. నెలాఖరుకి ఒక ఫ్యామిలీ ప్యాక్ నలుగురం తింటాం, బిల్లుకే చిల్లర వెతుక్కుంటాం. టిప్పు పెట్టకపోతే సర్వర్ మొహం అదోలా పెడతాడు. సిగ్గేస్తుంది.

జవాబు: సిగ్గెందుకురా. లేనప్పుడు ఇవ్వక్కర్లేదు. "అన్నా, బిర్యానీ బాగుంది, థ్యాంక్స్" అని మొహం చూసి చెప్పండి, ఎముకలన్నీ ఒక ప్లేట్లోకి తోసి లేవండి, రష్ టైంలో తిన్నాక గంటసేపు టేబుల్ ఆపేసి కబుర్లు పెట్టకండి. మీరు లేస్తే అక్కడ టిప్పు ఇచ్చేవాళ్ళు కూర్చుంటారు, ఆ మొహం సగం అందుకే. ఉద్యోగాలొచ్చాక ఇద్దురు గానీ.

ప్రశ్న: ఆర్డర్ ముప్పావుగంట లేటయితే టిప్పు కట్ చెయ్యొచ్చా?
- మలక్‌పేట

జవాబు: లేటు ఎక్కడయిందో చూడండి. రంజాన్ నెలలో సాయంత్రం హలీం టైంకి వెళ్ళి లేటంటే ఎవరేం చేస్తారు? వంటింట్లో ఆలస్యమైతే అరుపులు తినేది బయట తిరిగే సర్వరే, అయిదు నిమిషాలు సార్, అయిదు నిమిషాలు సార్ అని తిరిగినవాడికి నేనైతే ఎప్పటికంటే పది ఎక్కువే ఇస్తా. మనం పిలుస్తున్నా వినపడనట్టు ఫోన్ చూసుకుంటూ ఉన్నా, పెద్దవాళ్ళతో విసుక్కున్నా ఒక్క రూపాయి వద్దు, ఎందుకు ఇవ్వలేదో మేనేజర్‌కి చెప్పి రండి.

ప్రశ్న: మా తమ్ముడు డల్లాస్ నుంచి వచ్చాడు. ప్రతిచోటా 20 శాతం పెడుతున్నాడు, మొన్న మూడు వేల బిల్లుకి ఆరొందలు. నాన్నగారు బీపీ పెంచుకుంటున్నారు. అక్కడ అంతేనట, ఇవ్వకపోతే తప్పంట.
- ఒక అక్క, మల్కాజిగిరి

జవాబు: అక్కడ నిజంగా అంతే, నాన్నగారికి ఆ లెక్క చెప్పండి. అమెరికాలో టిప్పులొచ్చే పనివాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం ఓనరు ఇవ్వాల్సిన కనీసం గంటకి 2.13 డాలర్లే, 1991 నుంచి అదే అంకె, టెక్సస్‌లోనూ అంతే. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు, మధ్యలో తేడా మనం ఇచ్చే టిప్పుతో నిండాలి, నిండకపోతే ఓనరు వెయ్యాలి. అంటే అక్కడ టిప్పు జీతంలో ముక్క, కాబట్టి మానేస్తే నిజంగా వాడి కడుపు కొట్టినట్టే. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఓనరు పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే, అయినా జనం అలవాటుగా అంతే ఇస్తారు. మన దగ్గర ఆ లెక్క లేదని మొదటి జవాబులోనే చెప్పా కదా. తమ్ముడు సెలవులకి వచ్చాడు, డాలర్లు సంపాదిస్తున్నాడు, ఇస్తే ఇవ్వనివ్వండి, ఆరొందలు చూసిన ఆ సర్వర్ ఇంట్లో ఆ రోజు పండగే. నాన్నగారిని మాత్రం తమ్ముడితో పోల్చుకుని మనం కూడా అంత ఇవ్వాలేమో అని బెంగపడొద్దని చెప్పండి, ఆయన వదిలే ఇరవై రూపాయలకి ఏం తక్కువ లేదు.

ప్రశ్న: అక్కా, ఈమధ్య ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళి భోజనం అయ్యాక చేతులు కడుక్కునే చోట ఒకబ్బాయి టిష్యూ పట్టుకుని నిలబడతాడు, పక్కన ప్లేట్లో పది నోట్లు కనపడేలా పెట్టి ఉంటాయి. పెళ్ళికొచ్చినవాళ్ళం కూడా టిప్పు ఇవ్వాలా?
- ఎల్బీనగర్

జవాబు: వద్దు. పెళ్ళివారు క్యాటరింగ్‌కి ప్లేటు లెక్కన కట్టేశారు, కట్నాల కవర్ మీరు ఇచ్చేశారు. టిష్యూ తీసుకుని చెయ్యి తుడుచుకుని రండి, ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, ఆ ప్లేట్ చూసి మాత్రం మొహమాటపడకండి. మీ ఇంట్లోనే ఫంక్షన్ అయితే మాత్రం ఉల్టా. వడ్డించేవాళ్ళకి మొత్తం ఎంత ఇవ్వాలనుకుంటున్నారో ముందే పదులు, యాభైలుగా మార్చి పెట్టుకుని ఆఖరి పంక్తి లేచాక ఒక్కొక్కరి చేతికి విడివిడిగా ఇప్పించండి, కాంట్రాక్టర్ చేతిలో ఒక కట్ట పెట్టి అందరూ పంచుకోండి అనకండి. అన్నట్టు వాళ్ళు తిన్నారో లేదో కూడా అప్పుడే అడగండి, స్వీటు అయిపోకముందే.